లంచ్ టైంలో ఫోన్ ఎత్తాల్సి వస్తే ఆ అరగంట ఎవరిది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. మీరు కస్టమర్ సర్వీస్ డెస్క్‌లో పనిచేస్తున్నారు. షిఫ్ట్ ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు, వారానికి ఆరు రోజులు. 9కి మొదటి కాల్ తీసుకోవాలంటే 8:45కే వచ్చి సిస్టమ్ ఆన్ చేసి, నాలుగైదు చోట్ల లాగిన్ అవ్వాలి. ఆ పావుగంట లెక్కలోకి రావడం లేదు. మధ్యాహ్నం అరగంట లంచ్ బ్రేక్ అని కట్ చేస్తున్నారు, కానీ డెస్క్ దగ్గరే తినాలి, ఫోన్ మోగితే ఎత్తాలి. ఈమధ్య పది నిమిషాల టీ బ్రేకులు రెండూ కూడా కట్ చేయడం మొదలుపెట్టారు. అడిగితే, "బ్రేక్‌కి జీతం ఇవ్వాలని చట్టంలో ఎక్కడుంది?" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమేనా, నిజం కాకపోతే పాత నెలల డబ్బు కూడా అడగొచ్చా అన్నది మీ సందేహం.

వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. అందుకే ఆ ఒక్క ప్రశ్నతో చాలామంది నోరు మూతపడుతుంది. భోజన విరామానికి జీతం ఇవ్వాలన్న రూలు చాలా దేశాల్లో లేదు. కానీ మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే మీకు అసలు విరామమే దొరకడం లేదు. పేరు మాత్రం బ్రేక్. ఆ అరగంట మీరు పనిలోనే ఉన్నారు.

నేను ఇరవై రెండేళ్లు పేరోల్‌లో పనిచేశాను, అంటే హాజరు లెక్కలు చూసి జీతాలు వేసే పని. ఇప్పుడు తొమ్మిదేళ్లుగా, జీతంలో కోత పడ్డ వాళ్ల లెక్కలు చూసి దరఖాస్తులు రాసిపెడుతున్నాను. నేను పనిచేసిన ఒక చోట హాజరు సాఫ్ట్‌వేర్‌లో ఒక సెట్టింగ్ ఉండేది. ఆరు గంటలు దాటి పనిచేసిన ప్రతి ఒక్కరికీ అరగంట దానంతట అదే తగ్గిపోతుంది. పైనుంచి చెప్పారు, నేనే ఆన్ చేశాను. రెండు నెలలకి నైట్ డ్యూటీ చేసే సెక్యూరిటీ గార్డు ఒకాయన పేస్లిప్ పట్టుకుని వచ్చి, "మేడం, రాత్రంతా గేటు దగ్గర నేనొక్కణ్ణే. గేటు వదిలి ఎక్కడికీ వెళ్లలేదు. మరి ఈ అరగంట ఎలా తీసేశారు?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సెట్టింగ్ తీయించి పాత డబ్బు ఇప్పించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఈ విషయంలో నాకున్న పట్టుదలంతా ఆయన అడిగిన ఆ ప్రశ్న నుంచి వచ్చిందే.

ఆయన ప్రశ్నకి జవాబు నిజానికి 1930లోనే రాసిపెట్టి ఉంది. దుకాణాల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆ ఏడాది 30వ నంబరు ఒప్పందం చేసింది. పనిగంటలంటే ఏమిటో అందులో చెప్పారు. ఉద్యోగి యజమాని చెప్పుచేతల్లో ఉన్న సమయం పనిగంటలు. యజమాని చెప్పుచేతల్లో లేని విశ్రాంతి సమయం అందులోకి రాదు. అన్ని దేశాలూ ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు, అయినా తర్వాత చాలా చట్టాలూ కోర్టు తీర్పులూ ఈ కొలతకి దగ్గరగానే నడిచాయి. ఆ అరగంటలో ఎన్ని కాల్స్ వచ్చాయన్నది తర్వాతి సంగతి. ఒక్క కాల్ కూడా రాకపోయినా, వస్తే ఎత్తడానికి మీరు అక్కడ కూర్చుని ఉన్నారు కదా, అది చూడాలి.

మీ లంచ్‌ని ఈ కొలతతో చూడండి. ఆ అరగంటలో లేచి మీ ఇష్టం వచ్చిన చోట కూర్చుని తినగలరా? ఇంటికి ఫోన్ చేసి ప్రశాంతంగా మాట్లాడుకోగలరా? కాల్ వస్తే "నేను బ్రేక్‌లో ఉన్నాను" అని వదిలేసి, దానికి తర్వాత మాట పడకుండా ఉండగలరా? మూడింటికీ కాదనే జవాబు వస్తే ఆ సమయం మీది కాదు. అమెరికా కార్మిక శాఖ నిబంధనల్లో దాదాపు మీ ఉదాహరణే ఉంది. అక్కడ భోజన విరామం మామూలుగా 30 నిమిషాలో అంతకంటే ఎక్కువో ఉండి, ఉద్యోగికి పని నుంచి పూర్తిగా విడుదల దొరికితే దానికి జీతం ఇవ్వక్కర్లేదు. కానీ డెస్క్ దగ్గరే తినాలని చెప్పిన ఆఫీసు ఉద్యోగి, మెషీన్ దగ్గరే ఉండాల్సిన ఫ్యాక్టరీ కార్మికుడు తింటూ కూడా పనిలో ఉన్నట్టే అని ఆ నిబంధన చెబుతుంది. జపాన్ చట్టంలో ఇంకో మాట ఉంది. ఆరు గంటలు దాటితే 45 నిమిషాలు, ఎనిమిది గంటలు దాటితే గంట విరామం ఇవ్వడమే కాదు, ఆ విరామాన్ని ఉద్యోగి తన ఇష్టప్రకారం వాడుకోనివ్వాలి. అందుకే లంచ్‌లో ఫోన్ డ్యూటీ వేస్తే అక్కడ దాన్ని పనిసమయంగానే చూస్తారు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఆవరణ దాటి బయటికి వెళ్లకూడదు అన్నంత మాత్రాన ప్రతిచోటా అది పనిసమయం అయిపోదు. లోపలే ఉన్నా, ఏ బాధ్యతా లేకుండా క్యాంటీన్‌లో కూర్చోనిస్తే అది విరామం కిందికి రావచ్చు. కాబట్టి మీ ఫిర్యాదులో "బయటికి వెళ్లనివ్వడం లేదు" అన్నదాన్ని ముందు పెట్టకండి. "ఫోన్ ఎత్తే బాధ్యత నా మీదే ఉంది" అన్నది ముందు పెట్టండి. బలం అంతా అందులోనే ఉంది.

విరామం ఇవ్వాలన్న రూలు వేరు, దానికి జీతం ఇవ్వాలన్న రూలు వేరు. ఈ రెండూ కలిపి మాట్లాడటం వల్లే చాలామంది వాదనలో ఓడిపోతారు. బ్రిటన్‌లో 1998 నాటి పనివేళల నిబంధనల ప్రకారం ఆరు గంటలు దాటి పనిచేస్తే 20 నిమిషాలు అడ్డంకి లేని విరామం హక్కు, కానీ దానికి జీతం ఉందా లేదా అన్నది మీ కాంట్రాక్టు మీద ఆధారపడుతుంది. యూఏఈలో వరుసగా ఐదు గంటలకు మించి పనిచేయించకూడదు, మధ్యలో కనీసం గంట విరామం ఇవ్వాలి, ఆ గంట పనిగంటల్లోకి రాదు. ఇండియాలో 1948 ఫ్యాక్టరీల చట్టం కూడా పని ఐదు గంటలు దాటకముందే కనీసం అరగంట విరామం ఇవ్వాలనే లెక్క పెట్టింది. అమెరికాలో తిరకాసు ఇంకోరకం. ఉద్యోగులకి భోజన విరామం ఇచ్చి తీరాలని ఫెడరల్ చట్టంలో లేనే లేదు, కొన్ని రాష్ట్రాల చట్టాల్లో ఉంది. ఉదాహరణకి కాలిఫోర్నియాలో ఐదో గంట ముగిసేలోపు 30 నిమిషాల భోజన విరామం మొదలవ్వాలి, ఇవ్వకపోతే ఆ రోజుకి ఒక గంట జీతం అదనంగా కట్టాలి. కాబట్టి మీ దేశంలో విరామం గురించి ఏముందో, జీతం గురించి ఏముందో విడివిడిగా చూసుకోండి. కానీ ఇవన్నీ నిజమైన విరామం గురించిన రూల్స్ అని మర్చిపోకండి. ఫోన్ ఎత్తే డ్యూటీని విరామం అని పిలిచి ఈ రూల్స్ చూపించడం కుదరదు.

టీ బ్రేకుల విషయంలో నాకు మరీ కోపం వస్తుంది. పది నిమిషాల్లో మనిషి సొంత పని ఏం చేసుకోగలడు? నీళ్లు తాగి, బాత్రూంకి వెళ్లి, కళ్లకి కాస్త విశ్రాంతి ఇచ్చి మళ్లీ కూర్చోవడమే. దాంతో తర్వాతి గంట పని బాగా జరుగుతుంది, ఆ లాభం కంపెనీదే. అమెరికా నిబంధనలు సరిగ్గా ఈ కారణమే చెప్పి, 5 నుంచి సుమారు 20 నిమిషాల వరకు ఉండే చిన్న విరామాల్ని పనిగంటల్లో కలపాలంటాయి. అక్కడ ఒక సంస్థ, ఉద్యోగి 90 సెకన్లు దాటి లాగ్ఔట్ అయితే ఆ సమయానికి జీతం లేదని పెట్టింది. "మేం బ్రేకులు ఇవ్వడం లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్లే స్వేచ్ఛ ఇచ్చాం" అని వాదించింది. 2017లో మూడో సర్క్యూట్ అప్పీల్ కోర్టు (సర్క్యూట్ అంటే కొన్ని రాష్ట్రాలకి కలిపి ఉండే ఫెడరల్ అప్పీల్ కోర్టు పరిధి) ఆ వాదన ఒప్పుకోలేదు. పేరు ఏం పెట్టినా 20 నిమిషాల లోపు విరామాలకి జీతం ఇవ్వాల్సిందే అంది. ఇంత స్పష్టమైన రూలు ప్రతి దేశంలోనూ లేదు. అలాంటి చోట మీ కాంట్రాక్టు, ఇంతకాలం అక్కడ నడుస్తున్న పద్ధతి మీకు ఆధారం. ఇప్పటిదాకా జీతంతో ఇచ్చిన టీ బ్రేక్‌ని ఒక రోజు హఠాత్తుగా కట్ చేస్తే అది జీతం షరతులు మార్చడమే. ఏ తేదీ నుంచి, ఎవరి ఆర్డర్‌తో మార్చారో రాతపూర్వకంగా అడగండి.

ఇక ఆ 8:45 సంగతి. ఉదయం ఇంటి నుంచి ఆఫీసుకి వచ్చే ప్రయాణం మామూలుగా పనిసమయం కాదు. మీరంతట మీరు ముందుగా వచ్చి కూర్చుని పేపర్ చదువుకుంటే అదీ కాదు. కానీ సిస్టమ్ ఆన్ చేసి లాగిన్ అవ్వకుండా మీ పని జరగదు. 2022లో అమెరికా తొమ్మిదో సర్క్యూట్ కోర్టు ముందుకి కాల్ సెంటర్ ఉద్యోగులు ఇదే తగాదాతో వెళ్లారు. కంప్యూటర్ ఆన్ చేయడం వాళ్ల పనిలో విడదీయలేని భాగమని కోర్టు చెప్పింది. జపాన్ సుప్రీంకోర్టు 2000లో ఓడల తయారీ కార్మికుల కేసులో, కంపెనీ తప్పనిసరి చేసిన యూనిఫాం, రక్షణ సామగ్రి వేసుకునే సమయం కూడా పనిసమయమే అంది.

అన్ని తీర్పులూ ఉద్యోగుల వైపే వచ్చాయని అనుకోవద్దు. 2014లో అమెరికా సుప్రీంకోర్టు, గోడౌన్ ఉద్యోగులు షిఫ్ట్ అయ్యాక సెక్యూరిటీ చెకింగ్ కోసం క్యూలో నిలబడ్డ సమయానికి ఫెడరల్ చట్టం కింద జీతం రాదని ఏకగ్రీవంగా చెప్పింది. వాళ్లు దాదాపు 25 నిమిషాలు నిలబడాల్సి వస్తోందని మొత్తుకున్నారు. సరుకు తీసి ప్యాక్ చేసే వాళ్ల అసలు పనికి ఆ చెకింగ్ అవసరం లేదన్నది కోర్టు కారణం. నాకు ఆ తీర్పు నచ్చలేదు. అక్కడి నుంచి కదలనివ్వని మనిషిని స్వేచ్ఛగా ఉన్నాడనడం నాకు మింగుడుపడదు. కానీ కేసు వేసే ముందు ఇలాంటివి తెలిసి ఉండాలి. మీ లాగిన్ సమయం ఈ చెకింగ్ లాంటిది కాదని మీరు గట్టిగా చెప్పగలగాలి. చెప్పగలరు కూడా, ఎందుకంటే లాగిన్ లేకుండా మీరు ఒక్క కాల్ కూడా తీయలేరు.

"మేం ముందు రమ్మని చెప్పలేదే" అనే జవాబు మీకు తప్పక వస్తుంది. నోటితో చెప్పకపోయినా, మీరు ముందు వచ్చి పని మొదలుపెడుతున్నారని సూపర్‌వైజర్‌కి తెలిసి, ఆ పని ఫలితం తీసుకుంటూ ఉంటే, చాలాచోట్ల అది పనిసమయమే. వద్దనుకుంటే ఆపే బాధ్యత వాళ్లది. చూసీ చూడనట్టు ఊరుకుని, తర్వాత చెప్పలేదంటే చెల్లదు. 9:01కి లాగిన్ అయినందుకు ఎవరికైనా మెమో ఇచ్చి ఉంటే, అది మీకు చాలా మంచి సాక్ష్యం.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఉదయం 15 నిమిషాలు, లంచ్ 30, టీ 20. మొత్తం రోజుకి 65 నిమిషాలు. నెలకి 26 పనిదినాలు అనుకుంటే 28 గంటల 10 నిమిషాలు. అంటే మూడున్నర రోజుల పని ప్రతి నెలా ఊరికే పోతోంది. ఇంకో లెక్క కూడా ఉంది, చాలామంది దీన్ని వదిలేస్తారు. మీ షిఫ్ట్‌లో లంచ్ తీసేస్తే రోజుకి 8 గంటలు, వారానికి 48. టీ బ్రేకులు ఆ 8 గంటల్లోనే ఉన్నాయి కాబట్టి, దానికి ఉదయం 15, లంచ్ 30, రోజూ 45 నిమిషాలు కలిస్తే వారానికి 52న్నర గంటలు అవుతాయి. మీకు వారానికి 48 గంటల పరిమితి ఉంటే ఆ నాలుగున్నర గంటలూ ఓవర్‌టైం (ఓటీ). ఇండియాలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఓటీకి మామూలు జీతానికి రెట్టింపు ఇవ్వాలంది. దాని స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్ కూడా ఆ రెట్టింపుని అలాగే ఉంచింది. అమెరికాలో వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు. యూఏఈలో 25 శాతం ఎక్కువ, రాత్రి 10 నుంచి తెల్లవారుజామున 4 మధ్య అయితే 50 శాతం. బ్రిటన్‌లో ఓటీకి చట్టం పెట్టిన రేటు లేదు, కానీ జీతం లేని గంటల్ని కూడా కలిపి చూసినప్పుడు గంటకి పడే సగటు జీతం, కనీస వేతనం కంటే కిందికి పడకూడదు. తక్కువ జీతాల వాళ్లకి అక్కడ ఇదే పట్టు.

"నెల జీతం వాళ్లకి ఓటీ ఉండదు" అని కూడా అంటారు. జీతం గంటల లెక్కన ఇస్తున్నారా, నెలకోసారి ఇస్తున్నారా అన్నదాన్ని బట్టే హక్కు పోదు. మేనేజర్లకి, నిర్ణయాలు తీసుకునే కొన్ని రకాల ఉద్యోగాలకి మినహాయింపులు ఉంటాయి, నిజమే. అయితే చాలాచోట్ల చూసేది మీ విజిటింగ్ కార్డు మీద ఉన్న పదవిని కాదు, మీరు రోజూ చేసే పనిని. 'టీమ్ మేనేజర్' అని పేరు పెట్టి రోజంతా కాల్స్ తీయిస్తే ఆ పేరుకి విలువ తక్కువ.

ఇక మీరు చేయాల్సిన పని. అన్నిటికంటే ముందు రాసుకోండి. నేను చూసిన దరఖాస్తుల్లో గెలిచినవాటికీ వీగిపోయినవాటికీ తేడా చాలాసార్లు ఒక చిన్న నోట్‌బుక్. తేదీ, లోపలికి వచ్చిన టైం, లాగిన్ పూర్తయిన టైం, లంచ్ మొదలు, లంచ్‌లో వచ్చిన కాల్స్ టైములు, ఎవరైనా పిలిస్తే ఎవరు పిలిచారు, బయటికి వెళ్లిన టైం. ఏ రోజుది ఆ రోజే రాయండి. నెలాఖరులో కూర్చుని అన్ని రోజులకీ ఒకే టైం రాస్తే చూడగానే తెలిసిపోతుంది. లంచ్ నిజంగా దొరికిన రోజున దొరికిందనే రాయండి. అలాంటి నాలుగు రోజులు ఉంటే మిగతా ఇరవై రోజుల్నీ నమ్ముతారు. రోస్టర్, పేస్లిప్, "లంచ్‌లో లైన్ ఖాళీగా ఉంచొద్దు" అని వచ్చిన మెసేజ్, ఇవన్నీ దాచుకోండి. కానీ కస్టమర్ల వివరాలున్న స్క్రీన్ ఫొటోలు తీయకండి, కంపెనీ ఫైళ్లు సొంత మెయిల్‌కి పంపకండి. న్యాయమైన ఫిర్యాదు ఉన్న మనిషి ఆ ఒక్క తప్పుతో ఉద్యోగం పోగొట్టుకోవడం నేను చూశాను.

గంటల రికార్డు ఉంచాల్సింది అసలు యజమానే. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఒక పింగాణీ ఫ్యాక్టరీ కార్మికుల కేసులో ఈ విషయం తేల్చింది. యజమాని సరైన రికార్డు ఉంచకపోతే, కార్మికుడు నిమిషాలతో సహా రుజువు చేయలేదని కేసు కొట్టేయకూడదు. సహేతుకమైన అంచనా చూపిస్తే చాలు, తప్పని నిరూపించాల్సింది యజమాని. యూరప్‌లో 2019 మే 14న ఐరోపా న్యాయస్థానం, ప్రతి ఉద్యోగి రోజువారీ పనిసమయాన్ని కొలిచే నమ్మదగిన వ్యవస్థ యజమానులు పెట్టేలా సభ్యదేశాలు చూడాలంది. అంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని వాళ్లంటే భయపడకండి. ఆ సాఫ్ట్‌వేర్ అరగంటని దానంతట అది తగ్గిస్తోందా, లేక మీరు పంచ్ చేస్తేనే తగ్గిస్తోందా అని అడగండి. నేను ఆ కుర్చీలో కూర్చున్న మనిషిని కాబట్టి చెబుతున్నాను, ఈ ప్రశ్నకి పేరోల్ వాళ్లు కదులుతారు.

రెండు మూడు వారాల రికార్డు చేతిలో ఉన్నాక హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టండి. నోటి మాట నీటి మూట, తర్వాత ఎవరికీ గుర్తుండదు. కోపం చూపించకుండా ఇలా రాయొచ్చు: "ఫలానా తేదీ నుంచి నా జీతంలో రోజుకి అరగంట భోజన విరామం కింద తగ్గిస్తున్నారు. ఆ సమయంలో డెస్క్ దగ్గరే ఉండి కాల్స్ తీసుకోవాలని నాకు చెప్పారు. గత పదిహేను పనిదినాల వివరాలు జతచేశాను. ఈ సమయాన్ని పనిగంటల్లో కలపమని, లేదా లంచ్‌లో నా లైన్‌ని వేరొకరికి మార్చమని కోరుతున్నాను." చివర్లో ఆ రెండో దారి ఇవ్వడం ముఖ్యం. లంచ్ నిజంగా మీకు దొరికేలా చేస్తే చాలన్నట్టు రాస్తే, మంచి మేనేజర్ అయితే మర్నాడే రోస్టర్ మారుస్తాడు. నేను చూసినవాటిలో చాలా తగాదాలు ఇక్కడే తీరిపోయాయి. వీలైతే మీ పక్క డెస్క్ వాళ్లతో కలిసి రాయండి, యూనియన్ ఉంటే వాళ్లకి చెప్పండి.

"నేను రోజూ పూర్తి లంచ్ బ్రేక్ తీసుకున్నాను" అని ఫారం మీద సంతకం అడిగితే, నిజం కాని రోజున చేయకండి. చేయక తప్పలేదంటే పక్కన "కాల్స్ తీసుకున్నాను" అని రాసి సంతకం పెట్టండి. ఇప్పటికే చేసేసి ఉంటే టెన్షన్ పడొద్దు. చట్టం ఇచ్చిన కనీస హక్కుని ఒక కాగితంతో వదులుకోవడం చాలా దేశాల్లో చెల్లదు, కాకపోతే మీ పని కాస్త కష్టమవుతుంది.

పాత నెలల డబ్బు అడగొచ్చు, కానీ గడువు ఉంటుంది. అమెరికా ఫెడరల్ చట్టంలో రెండేళ్లు, కావాలనే ఎగ్గొట్టారని తేలితే మూడేళ్లు. ఇండియాలో వేతనాల కోడ్ కింద దరఖాస్తుకి మూడేళ్లు. కొన్నిచోట్ల నెలల్లోనే ముగిసిపోతుంది. హెచ్ఆర్ వాళ్లు "చూస్తాం" అంటూ ఉన్నంతకాలం గడువు ఆగదు. మెయిల్ పెట్టిన నెలలోపు సరైన జవాబు రాకపోతే కార్మిక శాఖ ఆఫీసుకో, ఉద్యోగుల కేసులు చూసే లాయరు దగ్గరికో వెళ్లండి. ఫిర్యాదు చేశారని పగబట్టి షిఫ్ట్ మార్చడం, తీసేయడం చాలా చట్టాల్లో విడిగా ఒక తప్పు. అందుకే మెయిల్ పెట్టిన తేదీ, ఆ తర్వాత మీ విషయంలో ఏం మారిందో కూడా అదే నోట్‌బుక్‌లో రాయండి.

మీరు ఏ దేశంలో ఉన్నారో, కాంట్రాక్టులో పనివేళలు, విరామం గురించి ఉన్న వాక్యం ఉన్నదున్నట్టు, కంపెనీ పేరు తీసేసి రాయండి. మీ మెయిల్‌లో ఏ మాట మార్చాలో, ఏ చట్టం పేరు పెట్టాలో చూసి చెబుతాను.